మంత్రిగారి అమ్మాయి సీటుపై అభిప్రాయ సేకరణ

"నా కూతురు ఏ కాలేజీలో చేరాలో నేనొక్కణ్ణే నిర్ణయించను. నేను నియంతను కాను. ప్రజలందరినీ అడుగుతాను," అని ఉన్నత విద్యా శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు.

ఇంత ప్రజాస్వామికంగా ఏ ఆడపిల్లా కాలేజీలో చేరి ఉండదు. ఆ సంగతి అమ్మాయికి టీవీలో తెలిసింది. అప్పుడామె వంటింటి గట్టు మీద పాడైన మిక్సీని విప్పి, మరలు ఒక గిన్నెలో వేసుకుంటోంది.

ఆమెకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి డ్యూయల్ డిగ్రీ, సగం బిజినెస్, సగం ఇంజనీరింగ్. గాజు భవనం, చల్లటి గదులు. రెండోది ఇంజనీరింగ్ తప్ప మరో లోకం తెలియని పాత కాలేజీ. అక్కడి వర్క్‌షాపు చూసొచ్చిన రోజు నుంచీ అమ్మాయి మనసు అక్కడే ఉండిపోయింది. శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి. లేదంటే రెండూ పోతాయి.

నాన్నతో మాట్లాడదామని ఆమె పి.ఎ. గారిని అపాయింట్‌మెంట్ అడిగింది.

"వచ్చే మంగళవారం చూద్దామమ్మా."

"శుక్రవారమే గడువు అంకుల్."

"అయితే అర్జెంటు కింద పెడతాను. విషయం?"

"నా చదువు."

"వ్యక్తిగతమా, ప్రజా ప్రయోజనమా?"

అమ్మాయి కాసేపు ఆలోచించి, "వ్యక్తిగతమే," అంది.

పి.ఎ. నొచ్చుకున్నాడు. "ఆఫీసు టైములో సార్ సొంత పనులు చూసుకోరమ్మా. మచ్చలేని మనిషి."

మర్నాడే మంత్రిగారి అధ్యక్షతన సలహా సంఘం ఏర్పడింది. ఇంటి హాల్లో సోఫాలు చాలక భోజనాల బల్ల చుట్టూ ఉన్న కుర్చీలు కూడా తెచ్చి వేశారు. కాంట్రాక్టర్ల సంఘం అధ్యక్షుడు మొదట లేచాడు.

"డ్యూయల్ డిగ్రీయే మేలు సార్. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే సరిపోదు. అది పనిచేయకపోయినా బిల్లు ఎలా పాసవుతుందో తెలియాలి."

అనుభవం పలికిందని అందరూ తలలూపారు.

"అదేం మాటండీ! వ్యాపారం చదువుకోవాలా? మన పార్టీలో ఆర్నెల్లుంటే అదే వస్తుంది," అన్నాడు యువజన విభాగం నాయకుడు. "ప్యూర్ ఇంజనీరింగే కరెక్టు."

మిత్రపక్షం నాయకుడికి ముఖం ఎర్రబడింది. "రెండు డిగ్రీలంటే సంకీర్ణ ధర్మం. ఒకటే చాలంటే, మా మద్దతు అక్కర్లేదనేగా మీ ఉద్దేశం?"

ప్రభుత్వం ఒక్క క్షణం ఊగింది. మంత్రిగారు టీ తెప్పించి నిలబెట్టారు.

ఆ టీ తెచ్చింది అమ్మాయే. కప్పులు అందిస్తూ, "నాకైతే..." అని మొదలుపెట్టింది.

"నీకేంటి తల్లీ, పెట్టి పుట్టావు!" అన్నాడు కాంట్రాక్టర్ల అధ్యక్షుడు. "నీ కోసం ఇంతమందిమి ఆలోచిస్తున్నాం. నువ్వు ఆలోచించే శ్రమే లేదు. ఇందులో కాస్త చక్కెర వెయ్యి."

శుక్రవారం ఓటింగ్ జరిగింది. ఓట్లు చెరి సగం వచ్చాయి. సంఘం గడువును పొడిగించారు. కాలేజీల గడువును పొడిగించడం ఎవరికీ గుర్తు రాలేదు.

అమ్మాయి వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. వాళ్లమ్మ పొయ్యి ఆపి చేతులు తుడుచుకుంది.

"నన్ను చేసుకుంటారో లేదో ఆలోచించి చెబుతానన్నారే మీ నాన్న. ఇంకా చెప్పలేదు. పెద్దవాళ్లే పెళ్లి చేసేశారు. ఫోన్ చెయ్యి."

అమ్మాయి పాత కాలేజీకి ఫోన్ చేసింది.

సోమవారం పొద్దున్నే పెట్టె పట్టుకుని పక్క గేటులోంచి బయటపడింది. వీధి నిండా మోటార్ సైకిళ్లు. జెండా పట్టుకున్న కార్యకర్త ఒకడు ఆమెను మర్యాదగా ఆపాడు. "కాస్త పక్కకు జరగమ్మా. మంత్రిగారి అమ్మాయి భవిష్యత్తు కోసం ర్యాలీ వస్తోంది."

ఆమె జరిగింది. ర్యాలీ వెళ్లాక బస్సెక్కింది. చేరిపోయిన సంగతి పి.ఎ. ద్వారా సంఘానికి చేరింది. అందిన అనేక అభిప్రాయాల్లో అదొకటిగా వాళ్లు దాన్ని గౌరవించారు.

సంఘం మాత్రం పని ఆపలేదు. మంచి కాలేజీల అధ్యయనానికి ఊరూరా తిరిగింది. కాలేజీలకు సెలవులున్న రోజుల్లోనే వెళ్లేది, చదువులకు భంగం కలగకూడదని.

అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు భోజనం దగ్గర మంత్రిగారు కూతురి వీపు తట్టారు. "కంగారు పడకమ్మా. నివేదిక చివరి దశలో ఉంది."

"నాన్నా, నాది మూడో ఏడాది అయిపోయింది."

"ఇదీ యువతలో ఉండాల్సిన వేగం!" అంటూ మంత్రిగారు మోగుతున్న ఫోన్ అందుకున్నారు.

మరుసటి ఏడాది ఒక సమావేశంలో, అంతవరకూ నిద్రపోతున్న సభ్యుడొకాయన కళ్లు తెరిచి, "ఇంతమందిని అడిగాం. చదివినవాళ్లనెవరినైనా అడిగామా?" అన్నాడు. ఆ సాహసానికి హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆ ఏడే చదువు ముగించిన ఒకరిని సాక్షిగా పంపమని పాత కాలేజీకి కబురు వెళ్లింది. కాలేజీ తన ఫస్ట్ ర్యాంకు విద్యార్థినిని పంపింది.

ఆమె పని దుస్తుల్లోనే వచ్చింది. గోళ్ల కింద గ్రీజు ఉంది. సంఘం ఎదుట కూర్చుని, ఎదురుగా ఉన్న అధ్యక్షుల వారికేసి చూసి నవ్వింది. కెమెరాలు వెలిగాయి. మంత్రిగారు కళ్లజోడు సవరించుకుని, కాగితం మీది ప్రశ్నలు గంభీరంగా చదివారు.

"చదువు ఎలా ఉందమ్మా?"

"కష్టంగా ఉందండీ. చాలా బాగుంది."

"పనికొచ్చిందా?"

"నిన్న ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోతే, బాగుచేసి నలుగుర్ని బయటికి తీశానండీ."

"ఈ కాలేజీలో చేరమని సలహా ఇచ్చిందెవరు?"

"మా అమ్మండీ."

"మరి మీ నాన్నగారు?"

"ఆయన ఇంకా ఆలోచిస్తున్నారండీ."

పి.ఎ. గట్టిగా దగ్గాడు. టైమైపోయిందని గ్రహించి మంత్రిగారు కాగితం మడిచి, కెమెరాల వైపు తిరిగారు.

"తొందరపడని తండ్రి! ఇలాంటివాళ్లే దేశానికి కావాలి. ఈ అమ్మాయి మాటలతో నా సందేహాలన్నీ తీరిపోయాయి. మా అమ్మాయిని కూడా ఆ కాలేజీలోనే చేర్పిస్తున్నానని సంతోషంగా ప్రకటిస్తున్నాను."

హాలంతా చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు సాక్షే లేచి నిలబడి కొట్టింది.