అచ్చిరాని అల్లుడు

ఆ ఆదివారానికి వెండెల్ నోవాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చి నుంచి వచ్చి, చిక్కుడుగింజల మాంసం కూర పొయ్యి మీద పెట్టి, మామగారి పక్కన కుర్చీ వేసుకుని ఊరి జట్టు స్టోకర్స్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, చూడాలి. సెప్టెంబరు వచ్చిందంటే లేక్‌బర్గ్‌లో ఏ ఇంట్లోనైనా ఇదే పథకం. కాకపోతే వెండెల్‌కి అందులో ఓ పని కూడా ఉంది. మామగారి పేరు ఆగస్ట్, ఆయనకి చూపు మందగించింది. టీవీలో మైదానం పచ్చగా, మనుషులు మసకగా ఆనుతారు, బంతి అసలే ఆనదు. అది ఎవరి చేతిలో ఉందో, ఎవరు ఎవరి మీద పడ్డారో పక్కనుండి అల్లుడు చెప్పాలి. వచ్చే ఏడాదికి ఆ పచ్చదనం కూడా మిగలదని డాక్టరు చెప్పేశాడు. అందుకే ఈ సీజన్లో ఒక్క ఆట కూడా పోకుండా చూపిస్తానని వెండెల్ మాటిచ్చాడు.

ఆట సగమయ్యేసరికి స్టోకర్స్ చిత్తుగా ఓడిపోతున్నారు, ఇంటి కింద సెల్లార్లో వేడినీళ్ళ ట్యాంకు కారుతోంది. వెండెల్ రెంచి పట్టుకుని కిందికి వెళ్ళాడు. వెళ్ళాడో లేదో పైన ఇల్లెగిరిపోయేలా సంతోషం కేకలు. ఏమైందో చూద్దామని పరుగున వచ్చాడు. అతను గుమ్మంలో నిలబడిన క్షణానే మన జట్టువాడి చేతిలో బంతి జారి అవతలి జట్టువాడి ఒళ్ళో పడింది.

బావమరిది గస్ మెల్లగా తల తిప్పాడు. గస్ బీమా కంపెనీలో పనిచేస్తాడు. ఏ నష్టం ఎవరి వల్ల జరిగిందో తేల్చడం అతనికి అలవాటు.

"బావా, ఇందాక నువ్వెక్కడున్నావు?"

"సెల్లార్లో."

"మళ్ళీ వెళ్ళు."

"ట్యాంకు బాగైపోయిందిరా."

"అయితే మళ్ళీ పాడుచెయ్యి."

వెండెల్ నవ్వుకుంటూ దిగాడు. స్టోకర్స్ ఆ ఆట గెలిచారు. దాంతో అతని ఆదివారాలు సెల్లార్ పాలయ్యాయి.

ఈ ఊరివాళ్ళని అనడానికి లేదు. గెలిచిన రోజు తొడుక్కున్న మేజోళ్ళు సీజనంతా ఉతకనివాళ్ళు వీధి వీధికీ ఉన్నారు. వెండెల్ భార్య మార్లీస్ నర్సు, చదువుకున్న మనిషి, ఆవిడ కూడా ఆట నడుస్తున్నంతసేపూ ఎడంచేత్తోనే తింటుంది. తర్వాతి ఆదివారం సెల్లార్లో మడతకుర్చీ వేసి, దుప్పటి పెట్టి, "చలేస్తే చెప్పు, ఇంకోటి ఇస్తాను" అన్నది ఆవిడే.

వెండెల్ మామగారి వైపు చూశాడు. "మరి మీకు ఆట ఎవరు చెప్తారు మావయ్యా?"

"గస్ చెప్తాళ్ళే. దిగు అల్లుడూ. మనవాళ్ళు గెలవాలి గదా," అన్నాడు ఆగస్ట్.

స్టోకర్స్ ఓడిపోయారు. గస్ వెంటనే విచారణకు దిగాడు. వెండెల్ జేబులో చిన్న రేడియో దొరికింది. "చూడ్డమే కాదన్నమాట, వినడం కూడా అచ్చిరాదు," అని దాన్ని లాక్కున్నాడు. ఆ పై వారమూ ఓటమే. ఇంటికి వెచ్చగాలి పంపే హీటరు గొట్టం గుండా టీవీ గొంతు సెల్లార్లోకి వస్తోందని కనిపెట్టి, గొట్టంలో దిండు కుక్కారు. ఇల్లంతా చలికి బిగుసుకుపోయి ముసలాయనకు దగ్గు పట్టుకుంది గానీ, స్టోకర్స్ మాత్రం మళ్ళీ ఓడారు. ఈసారి కారిచ్చి ఊరవతలికి పంపారు. పెట్రోలు బంకువాడు అడక్కుండానే స్కోరు చెప్పేశాడు. పాపం, వెండెల్‌కి అది వినిపించకూడదని వాడికి తెలియదు.

కబురు ఊరంతా పాకింది. వీధి చివర బారువాడు ఆదివారాలు వెండెల్‌ని రానివ్వనన్నాడు. చర్చిలో ఫాదర్ అతని చెయ్యి పట్టుకుని, "ఈ పూట ఎక్కడుంటున్నావు నాయనా?" అని మెల్లగా అడిగాడు.

"సెల్లార్లోనే ఫాదర్."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

జట్టులో బంతి విసరలేనివాడున్నాడు, విసిరితే పట్టలేనివాడున్నాడు, ఎప్పుడు ఏం చెయ్యాలో తోచని కోచ్ ఉన్నాడు. అయినా నింద మాత్రం వెండెల్‌దే. కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ నిజంగానే తన కళ్ళలో ఏదో ఉందేమోనని లోలోపల అతనికీ అనుమానమే. అందుకే నోరెత్తలేదు. ఒకసారి మంచినీళ్ళకని మెట్లెక్కి, తలుపు సందులోంచి చూశాడు. మామగారు టీవీ వైపు వంగి, "ఏమైంది? ఎవరు పట్టుకున్నారు?" అని అడుగుతున్నాడు. అందరూ అరుస్తున్నారు, ఎవరూ చెప్పడం లేదు. వెండెల్ నీళ్ళు తాగకుండానే దిగిపోయాడు. తిన్నగా వెళ్ళి ఆయన పక్కన కూర్చోకపోయానే అన్న బాధ ఆ తర్వాత అతన్ని వదల్లేదు.

సీజన్ ఆఖరి ఆట నాడు మడతకుర్చీ సర్దుకుంటూ ఉండగా గస్ మెట్ల మీద కనిపించాడు. ముఖం వెలిగిపోతోంది.

"బావా, నువ్వు పైకి రావాలి."

"ఏం, మళ్ళీ ఏమైనా కారుతోందా?"

"కాదు. ఇవాళ మనం ఓడాలి."

సంగతేమిటంటే, ఏటా సీజన్ అయ్యాక కాలేజీ కుర్రాళ్ళని జట్లు పంచుకునేటప్పుడు అందరికంటే అడుగున ఉన్న జట్టుదే మొదటి వంతు. బంతి విసరడంలో దేశమంతా మెచ్చుకుంటున్న కుర్రాడొకడు ఈసారి వస్తున్నాడు. ఇవాళ్టి రెండు జట్లూ అడుగునే ఉన్నాయి. ఓడినవాళ్ళకి వాడు దక్కుతాడు.

"ఇన్నాళ్ళూ నిన్ను దాచింది ఇందుకే అనుకో," అన్నాడు గస్.

వెండెల్‌కి రాజమర్యాదలు జరిగాయి. మెత్తటి కుర్చీ వేశారు. ఇరుగుపొరుగులు కూర గిన్నెలు పట్టుకొచ్చి, "కన్నార్పకుండా చూడు బాబూ," అని బతిమాలారు. ఎందుకు పిలిచారో తెలిసినా, మామగారి పక్కన కూర్చోగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆగస్ట్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఓడాలని చూడ్డం నాకు చేతకాదు అల్లుడూ. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

వెండెల్ చెప్పాడు. విసిరారు, పట్టుకున్నారు, పది గజాలు తోసుకెళ్ళారు. సెప్టెంబరు నుంచి చేతగానివాళ్ళందరికీ ఆ పూట ఎక్కడలేని చేవ వచ్చింది. గదిలో ముఖాలు మాడిపోతున్నాయి, ముసలాయన పట్టు బిగుసుకుంటోంది. ఆఖరి నిమిషంలో మనవాడు బంతిని తన్నాడు.

"ఏమైంది?"

"స్తంభాల మధ్యలోంచి వెళ్ళింది మావయ్యా. గెలిచాం."

ముసలాయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తక్కినవాళ్ళు వెండెల్ వంక చూశారు. గస్ చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు.

"గెలవాలంటే ఓడతారు, ఓడాలంటే గెలుస్తారు. అనుమానమే అక్కర్లేదు బావా. నీది మామూలు చూపు కాదు."

వెండెల్ వినిపించుకోలేదు. మామగారి చెవి దగ్గరకు వంగి, "ఇవాళైనా మైదానం పచ్చగా ఆనిందా?" అని అడిగాడు.

"లేదురా. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నాటికే పోయింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు పైకొచ్చేస్తావు. మనవాళ్ళు ఓడిపోతారు."

పచ్చదనం మిగిలిన ఆ కాసిన్ని రోజులూ వెండెల్ కింద కూర్చుని ట్యాంకు చూశాడు. ఆయన పైన కూర్చుని ఎవరూ చెప్పని ఆట విన్నాడు. అంత చేసినా గెలిచిందేమైనా ఉందా అంటే, అదీ లేదు.

మళ్ళీ సెప్టెంబరు వచ్చింది. ఎవరూ చెప్పకముందే వెండెల్ దుప్పటి తీసుకుని లేచాడు. "ఆగు అల్లుడూ, చూసేందుకు నాకు మాత్రం ఏముంది ఇక్కడ," అంటూ ఆగస్ట్ అతని భుజం పట్టుకుని లేచాడు. సెల్లార్లో రెండో కుర్చీ పడింది. రేడియో లేదు, గొట్టంలో దిండు ఉంది. వెండెల్ గొంతు సవరించుకుని ఆట చెప్పడం మొదలుపెట్టాడు. మనవాడు విసిరాడన్నాడు, పట్టుకున్నాడన్నాడు, ఎవరికీ అందకుండా గీత దాటేశాడన్నాడు.

"మరి పైన ఏడుపులు వినిపిస్తున్నాయేంరా?" అన్నాడు ముసలాయన.

"సంతోషం పట్టలేక మావయ్యా."

ఆగస్ట్ ఇంకేమీ అడగకుండా దుప్పటి సగం అల్లుడి మోకాళ్ళ మీదికి జరిపాడు.

ఆ ఏడు పైన స్టోకర్స్ ఎన్ని ఆటలు ఓడారో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, కింద మాత్రం ఒక్కటి కూడా ఓడలేదు.