గంగప్ప మొక్కని మొక్కు

పాపన్న తనకు చేసిన అన్యాయాన్ని గంగప్ప తలుచుకోని రోజు లేదు. అయితే దాన్ని పంచాయితీలో పెట్టడానికి మాత్రం వీలు లేదు. ఎందుకంటే పాపన్న దొంగతనానికి వచ్చేవాడు కాదు, నిప్పుకు వచ్చేవాడు. అగ్గిపెట్టె కొనడం దండగ అని నమ్మిన మనిషి. పక్కిల్లే కనుక తెల్లారేసరికి కుండపెంకు పట్టుకుని గంగప్ప పొయ్యి ముందు కూర్చునేవాడు. నిప్పు అడిగినవాణ్ణి లేదని పంపే ఆచారం ఆ ఊళ్ళో లేదు. రెండు కణికలు పెంకులో వేసుకుని దొడ్డిదారిన పోతూ, అవి ఇల్లు చేరేలోగా ఆరిపోకుండా కట్టెల పేర్పులోంచి మూడు చీలికలు లాగి చంకలో పెట్టుకునేవాడు. రెండిళ్ళకూ మధ్య దూరం పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగుల కోసం ఉగాది నుంచి ఆషాఢం దాకా అరబండి తుమ్మ కట్టె ఖర్చయింది.

ఆ రోజు పొద్దున గంగప్ప పెట్టుకున్న పని చిన్నదే. ఎండాకాలమంతా ఎండబెట్టిన రెండు బండ్ల తుమ్మ కట్టెను వసారాలోకి మార్చి పేర్చాలి. కింద రాళ్ళు పరిచి, చెదలు పట్టకుండా బూడిద చల్లి, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, బెరడు పైకి వచ్చేలా పేర్చాలి. వాన రాలేదని ఊరంతా ఏడుస్తుంటే, వస్తే కట్టెలు తడుస్తాయని భయపడేవాడు ఆ ఊళ్ళో గంగప్ప ఒక్కడే.

ఆ భయానికి కారణం ఉంది. కూతురు ఆంజినమ్మ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, మూడేళ్ళకొకసారి వచ్చే ముసురు సరిగ్గా ఆ వారమే వచ్చింది. తడి కట్టె పొగ తప్ప మంట ఇవ్వలేదు. కందికట్టె భగ్గున మండి, నీళ్ళు గోరువెచ్చన కాకముందే ఆరిపోయింది. చివరికి గంగప్ప పశువుల కొట్టం వాసాలు పీకి పొయ్యిలో పెట్టాడు. అప్పటికే బాణంతికి చలి పట్టింది. తొమ్మిది రోజులు వణికి, ఆంజినమ్మ చావు తప్పి బయటపడింది. ఈసారి కోడల్ని పంపనని కంబదూరు వియ్యంకుడు నరసింహప్ప మొండికేస్తే, "రెండు బండ్ల ఎండుకట్టె పెట్టుకోనుండా, వచ్చి చూసుకో" అని కబురు పెట్టి గంగప్ప ఒప్పించాడు. మర్నాడే వాళ్ళు వస్తారు. శ్రావణంలో పురుడు.

మూడో వరస పేరుస్తుండగా పాపన్న పెంకుతో వచ్చాడు.

"ఏమప్పా గంగప్పా, పొద్దున్నే పని పెట్టుకున్యావే? ఈ లావు కట్టెలు కణికను భలే పట్టుకుంటాయిలే," అంటూ అన్నిటికంటే మంచి చీలిక మీద చెయ్యి వేశాడు.

గంగప్పకు ఒళ్ళు మండింది. ఇవ్వను అంటే పిసినారి అంటారు. ఇస్తే ఆంజినమ్మ నీళ్ళు చల్లారతాయి. పీర్ల పండగ దగ్గర పడిందని, పీర్ల చావిడి ముందు గుండం తవ్వుతున్నారని ఎందుకో అప్పుడే గుర్తుకొచ్చింది. పండగ పది రోజులూ ఆ గుండంలో నిప్పు ఆరకూడదు. దానికి మొక్కుకున్న కట్టెను ఇంటి పొయ్యిలో పెట్టే ధైర్యం ఆ ఊళ్ళో హిందువులకూ లేదు, సాయిబులకూ లేదు.

"ముట్టుకోవాకు పాపన్నా!" అన్నాడు గంగప్ప. "అవి పీర్ల సాముల కట్టెలు. గుండానికి మొక్కుకున్యా."

పాపన్న చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

"ఆ మూల మొద్దులు గూడా?"

ఒక్క మొద్దు వదిలినా దాని మీద పడతాడని గంగప్పకు తెలుసు. "మొద్దులు గూడా," అన్నాడు.

పాపన్న రెండు చెంపలూ వాయించుకుని వెళ్ళిపోయాడు. గడియ తిరిగేసరికి తలమీద మోపుతో మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. లావు చీలికలన్నీ వానాకాలానికని మంచం కింద దాచుకున్నాడట. "తెలీక తీసుకపోతినప్పా. సాములు తప్పు కాయాల," అంటూ ఏడు మోపులు దించాడు. గంగప్ప ఒక్కొక్క చీలికనూ గుర్తుపట్టాడు, అన్నిటి మీదా తన గొడ్డలి దెబ్బే. ఉగాది తర్వాత అతను నవ్వింది ఆ పొద్దుటే. ఆ నవ్వు, భార్య తిమ్మమ్మ బావి నుంచి వచ్చేదాకా ఉంది.

తిమ్మమ్మ చంకలో బిందె ఖాళీగా ఉంది. కళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి.

"నీకేం రోగమొచ్చింది? నాకు చెప్పకుండా దాచినావే!"

"నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండా."

"బాగుండే మనిషివి రెండు బండ్ల కట్టెలు ఇంకొకరికి ఇస్తావా? బావికాడ అందరూ అదే అడగతాండారు. గుండెనొప్పి అని ఒకరు, కడుపులో గడ్డ అని ఒకరు. ఏ ముఖం పెట్టుకోని చెప్పేది నేను?"

గంగప్ప గోడవైపు చూసి, గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. పాపన్న నోరు మూయించడానికి ఆడిన మాటే తప్ప మొక్కూ లేదు, గిక్కూ లేదన్నాడు. తిమ్మమ్మ ఊరట పడుతుందనుకున్నాడు. ఆమె బిందె కింద పెట్టి చతికిలబడింది.

"బిడ్డ నిండు నెలల్తో ఉండాది. సాముల పేరు చెప్పి అబద్ధమాడితివా?"

"ఊరికే అన్న్యానే. మనసులో అనుకోలేదు."

"మనసుతో ఎవరికి పని? నోట్లోంచి వచ్చినాక అది మొక్కే. ఈ కట్టెతో కాగిన నీళ్ళు నా బిడ్డ మీద నేను పోయను. నీకు ధైర్యముంటే నువ్వు పొయ్."

గంగప్ప కట్టెల వైపు చూశాడు. తొమ్మిది రోజులు వణికిన కూతురి ముఖం కనిపించింది. తుండుగుడ్డ భుజాన వేసుకుని లేచాడు. పీర్ల చావిడి చూసుకునే మాబు సాబ్ మంచివాడు. నిజం చెప్పి, తప్పు కింద రెండు మోపులు గుండంలో వేసి, మిగతాది విడిపించుకుందామనుకున్నాడు.

మాబు సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు, పండగ పది రోజులూ పీర్ల చావిడిలో సేవ చేసే ముజావరు. గంగప్ప గడప దాటేసరికే అతను సాంబ్రాణి పళ్ళెంతో ఎదురొచ్చాడు. వెనక పదిమంది ఉన్నారు.

"గంగన్నా! కరువు సంవచ్చరంలో రెండు బండ్లా! నిప్పు నిలబెట్టేదెట్లా అని మూణ్ణాళ్ళ నుంచి నాకు నిద్ర లేదు. నువ్వు మనిషివి కాదన్నా!"

"మాబూ, నీతో ఒక మాట చెప్పాల..."

"ఏమీ చెప్పొద్దు! ఏం కోరి మొక్కుకున్నావో నువ్వు చెప్పగూడదు, నేను అడగగూడదు."

"అది గాదప్పా. నేననుకున్నది ఒక రెండు మోపులు..."

గోడ మీద పాపన్న తల లేచింది. "అన్నీ అన్న్యాడు మాబన్నా! మొద్దులు గూడా. నేనే అడిగితి, ఒకటికి రెండు తూర్లు. పాపం, పెద్ద మనసు, పైకి చెప్పుకోడు."

మాబు సాబ్ కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఆకుపచ్చ గుడ్డపీలిక తీసి కట్టెల పేర్పుకు కట్టాడు. సాంబ్రాణి పొగ వేశాడు. సాముల పేరున చక్కెర చదివించి అందరికీ పంచాడు. గంగప్ప చేతిలోనూ చిటికెడు పోశాడు. అది నోట్లో వేసుకోవడంతో గంగప్ప తరఫు వాదన ముగిసింది.

ముగియనిది ఊరి సంగతి. ఆ ఏడు గుండానికి తలా అరబండి కట్టె ఇస్తామని ముందే ఒప్పుకున్న ఇళ్ళు అయిదు. ఆ అయిదిళ్ళవాళ్ళూ మధ్యాహ్నానికల్లా ఒక్కొక్కరే చావిడికి వచ్చి, "గంగప్పది ఉండాది గదా, ఇంక మాదెందుకు, పుణ్యానికి అడ్డం రాకూడదు" అని చెప్పి వెళ్ళారు. మాబు సాబ్ కూర్చుని అంచనా వేసుకుంటే, గంగప్ప కట్టె ఆరో రోజుతో అయిపోతుందని తేలింది. కొరత తీర్చమని గంగప్పను అడగడానికి మొహమాటపడి అతను కరణంతో చెప్పాడు. కరణానికి మొహమాటం అలవాటు లేదు.

మర్నాడు పొద్దున నరసింహప్ప కోడలితో బండి దిగాడు. దిగీ దిగగానే దొడ్డిలోకి పోయి చూశాడు. వసారాలో రాళ్ళున్నాయి, బూడిద ఉంది, కట్టె లేదు. తెల్లవారుజామునే చావిడి వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి తోలుకుపోయారు.

"ఏం బావా, యాడుండాయి రెండు బండ్లు? మళ్ళా నా కోడల్ని సలికి సంపల్లని పిలిపిస్తివా? తిప్పరా బండి!" అని అరిచాడు.

బండి తిప్పేలోపే కరణం, మాబు సాబ్, వాళ్ళ వెనక పాపన్న వచ్చారు. సంగతి పాపన్న చెప్పాడు. గంగప్ప నోరు తెరిచేలోగా మొక్కు ఆంజినమ్మ కోసమేనని కూడా అతనే తేల్చాడు. "ఇంకెవరికోసం మొక్కుకుంటాడు నరసింహప్పా? నిండు నెలల బిడ్డ కోసం గాకపోతే!"

కూతురి కోసం ఇంట్లో కట్టెపుల్ల మిగలకుండా సాములకు సమర్పించిన తండ్రిని నరసింహప్ప కంబదూరులో చూడలేదు. అతను గంగప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను కుళ్ళు మనిషిని బావా. నోటికొచ్చినట్లు అంటి, మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

అప్పుడు కరణం మాట కదిపాడు. మొక్కు కొరవ పడితే ఊరికి మంచిది కాదనీ, గంగప్ప చేను మూల గట్టు పక్కన ముదురు తుమ్మ చెట్లు నాలుగున్నాయి కదా అనీ, ఏటేటా ఈ అవస్థ లేకుండా అవి సాములకు రాసిస్తే గంగప్ప పేరు నిలబడిపోతుందనీ చెప్పాడు. కాగితం రాసే తెచ్చాడు.

గంగప్ప చుట్టూ చూశాడు. వియ్యంకుడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. అరుగు మీద ఆంజినమ్మ, నడుము పట్టుకుని, తండ్రివైపు ఎప్పుడూ చూడని చూపు చూస్తోంది. లేదంటే బండి తిరుగుతుంది.

"చెట్లే గదా. తీసుకోండి," అన్నాడు.

కరణం కళ్ళజోడు పెట్టుకుని, "చదివి వినిపిస్తాను," అన్నాడు.

"మా బావ మాటంటే మాటే! చదివేదెందుకు?" అన్నాడు నరసింహప్ప.

మూడో తరగతిలో బడి మానిన గంగప్పకు తన పేరు రాయడం వచ్చు. అది రాసేసరికి చెమట పట్టి, పైన ఏముందో చూసే ఓపిక ఉండదు. సంతకం చేశాడు. సాక్షిగా పాపన్న వేలిముద్ర వేశాడు.

ఆ నాలుగు చెట్ల కొమ్మలు కూడా కొట్టి వేయడంతో ఆ పది రోజులూ గుండం ధగధగ మండింది. పండగయిన మర్నాడు మాబు సాబ్ తల్లి దాదాబీ నెత్తిన మోపుతో వచ్చి వాకిట్లో దించింది.

"నీ కట్టెతో సాముల నిప్పు నిలబడె గంగప్పా. నీ బిడ్డ నీళ్ళకు మేము కట్టె తేకుంటే మనుషులమా?" అన్నది.

ఆమె వెనక ఆ అయిదిళ్ళ ఆడవాళ్ళూ తెచ్చారు. చింత మొద్దులు, జాలిచెట్టు కొమ్మలు, వేప దుంగలు, ఎవరి దొడ్డిలో ఏముంటే అది. వారం తిరిగేసరికి పేర్పు వసారా కప్పును తాకింది. ఇవి ఎవరూ ఎవరికీ మొక్కుకోని కట్టెలు కనుక తిమ్మమ్మ గుండె దిటవు చేసుకుని పొయ్యి రాజేసింది. శ్రావణంలో ఆంజినమ్మ మగపిల్లవాణ్ణి కన్నది. ముసురు మళ్ళీ వచ్చింది, కానీ పొయ్యి మీద నీళ్ళు సలసల కాగుతూనే ఉన్నాయి. నలభై రోజుల్లో బాణంతికి తుమ్ము కూడా రాలేదు. నరసింహప్ప వచ్చి మనవణ్ణి చూసుకుని, వెళ్తూ వెళ్తూ వియ్యంకుడికి వంగి దణ్ణం పెట్టాడు.

గంగప్పకు తనకు తెలియకుండానే మనసు మెత్తబడింది. పోయింది రెండు బండ్లు, వచ్చింది మూడు. అబద్ధమైనా మంచి అబద్ధమే ఆడానని లోలోపల అనిపించింది. ఆ మెత్తదనంలోనే, నేలలో పదునుంది కదా అని, ఒక పొద్దున ఉలవలు విత్తడానికి ఎద్దులు తోలుకుని చేనికి పోయాడు.

చేను మూల నలుగురు మనుషులున్నారు. సున్నం కొట్టిన రాళ్ళు పాతుతున్నారు. కరణం గొడుగు కింద నిలబడి పుస్తకంలో రాసుకుంటున్నాడు.

"ఇదేంది సామీ? నేనిచ్చింది చెట్లు. నేల గాదు."

"కాగితంలో చెట్లున్న నేల అని ఉంది, గంగప్పా."

"నేను నోటితో చెట్లనే గదా అంటి!"

"అన్నావు. చెట్టు దేని మీద నిలబడుతుంది మరి? గాలిలోనా?"

మాబు సాబ్ పక్కకు తీసుకుపోయి, చేతులు నలుపుకుంటూ చెప్పాడు. "నాకూ తెల్దన్నా. వద్దులే, ఆయప్ప నేల ఆయప్పకిచ్చేయండి అంటి. సాముల ఆస్తి వద్దనేకి నువ్వెవరు అని కరణం నన్నే తిట్టినాడు."

గంగప్ప ఎద్దుల్ని గట్టున కట్టేసి ఇంటికి పోయి తిమ్మమ్మతో చెప్పాడు. ఆమె మనవణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. వెచ్చటి నీళ్ళకు పిల్లవాడు హాయిగా కళ్ళు మూసుకున్నాడు. "పిల్ల బాగుండాది, పిల్లోడు బాగుండాడు. ఇంకొక మాట ఆడినావంటే అది గూడా మొక్కయితాది. నోరు మూసుకో," అన్నదామె.

నోరు మూసుకుని గంగప్ప తిరిగి చేనికి వచ్చేసరికి కొలత పూర్తయింది. కాగితం ప్రకారం సాములకు పోయింది పద్నాలుగు సెంట్లు; కొలత గొలుసు ఒక కొస పట్టుకున్నది పాపన్న కనుక, నేల మీద పద్నాలుగున్నర.