గేటుకు కట్టిన వేపాకు

బాలసుందరం ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బియ్యం డ్రమ్ము ఖాళీ చేయాలి. మధ్యాహ్నంలోగా అందులో పట్టిన పురుగును వెళ్లగొట్టాలి. సాయంత్రానికి బియ్యం, పప్పులు శుభ్రంగా మూటలు కట్టి దేవుడి గదిలో పెట్టాలి. మర్నాడు అమావాస్య, వాళ్లమ్మ సంవత్సరీకం. పిండానికి వండే బియ్యమైనా, పురోహితుడికి స్వయంపాకంగా ఇచ్చే బియ్యమైనా ఆ డ్రమ్ములోంచే తీయాలని ఆయన పట్టు. ఆవిడ నలభై ఏళ్లు కొలిచి వండిన డ్రమ్ము అది.

ఆ పట్టుకు కారణం ఉంది. కిందటేడు ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ మంచంలోంచి కాస్త గంజి అడిగింది. ఈయన కందిపప్పు లారీ గురించి ఫోన్లో అరుస్తూ "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాడు. నిమిషం పావుగంట అయింది. గంజి గ్లాసుతో గదిలోకి వెళ్లేసరికి ఆవిడ లేదు. అప్పటినుంచీ ఆ మనిషి అన్నం ముందు కూర్చుంటే మొదటి ముద్ద గొంతు దిగదు. రేపు తన చేత్తో ఒక్క ముద్ద పెడితే తప్ప ఆ బరువు దిగదని నమ్ముకుని ఏడాదిగా రోజులు లెక్కపెడుతున్నాడు.

మూత తీయగానే బూడిద రంగు రెక్కల పురుగులు గుప్పుమని మొహం మీదికి లేచాయి. బియ్యం మీద సన్నటి గూళ్లు, ఆ గూళ్లలో గింజలు అతుక్కుని ఉండలు, ఉండల్లో తెల్లటి పురుగులు.

"రవ్వ డబ్బా కూడా ఇట్టనే ఉండాదండీ. మినప్పప్పులోనూ పట్టింది," అంది ఆయన భార్య అలివేలు.

"మెల్లగా చెప్పవే. పక్కింట్లో వినబడితే నేను కొట్టు మూసుకోవాల్సిందే."

ఆ భయంలో న్యాయం లేకపోలేదు. మద్రాసు సౌకార్‌పేటలో ఆయనది మూడు తరాల పప్పుల టోకు కొట్టు. పప్పుల బాలసుందరం ఇంట్లోనే పప్పుకు పురుగు పట్టిందంటే ఇక ఆ పేరు ఎందుకు పనికొస్తుంది. వాషర్‌మెన్‌పేట్‌లో ఆ వీధి మరీ ఇరుకు. ఈ ఇంట్లో తుమ్మితే ఎదురింట్లో నూరేళ్లు అంటారు.

"కొట్లో మందు మాత్రలు ఉంటాయి కదా. ఒకటి తెచ్చి వేస్తే సరిపోతాది," అంది అలివేలు.

"అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మందు ఈ గడప దాటలేదు. ఆమె పిండం బియ్యానికి విషం పెట్టమంటావా?"

"నేనేం పెట్టమనలే. అయితే వేపాకు తీసుకురండి. కడిగి నీడలో, గాలి తగిలే చోట కట్టండి. తడి ఆరినాక బియ్యం మధ్యలో పొరలు పొరలుగా వేద్దాం. మసాలాలో వేసే బిరింజి ఆకు, లవంగాలు, ఎండు మిరపకాయలు ఇంట్లో ఉండాయి. డ్రమ్మును పసుపు నీళ్లతో కడుగుతా. బియ్యం మిద్దె మీద ఎండబోస్తే ఉన్న పురుగు పారిపోతాది."

బాలసుందరం మార్కెట్టుకు పోయి రెండు చేతులా పట్టనంత వేపాకు తెచ్చాడు. మిద్దె మీద బియ్యం పరిచారు. పెరట్లో డ్రమ్ము, డబ్బాలు కడుగుతున్నారు. ఇక నీడ, గాలి రెండూ ఉన్న చోటు వీధి గేటు ఒక్కటే. ఆయన చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. పైనుంచి కిందిదాకా గేటు కమ్మీలకు రెమ్మలు వరసగా కట్టి, చేతులు దులుపుకుని లోపలికి వచ్చాడు.

చిత్తిరై నెల నడివేసవి ఎండలు. ఆ చుట్టుపక్కల అప్పటికే రెండిళ్లలో ఆటలమ్మ పోసి ఉంది. అలాంటి రోజుల్లో ఇంటి ముందు వేపాకు కడితే దానికి అర్థం ఏమిటో ఆ వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బాలసుందరానికీ తెలుసు. కాకపోతే ఆయన బుర్రనిండా ఆ పూట పురుగే ఉంది.

పక్కింటి రంజిత నీళ్ల బిందెతో వస్తూ గేటు చూసి ఆగిపోయింది. గుమ్మం ముందు కాలవలో పసుపు నీళ్లు పారుతున్నాయి. అంతలో బాలసుందరం కూతురు మధుమిత కిటికీ దగ్గరికి వచ్చింది. కాలేజీకి సెలవు పెట్టి తల్లికి సాయం చేస్తున్న ఆ పిల్ల, మిరపకాయలు తుంచిన చేత్తో మొహం రుద్దుకుంది. మొహమంతా ఎర్రగా కంది, దాని మీద చల్లగా ఉంటుందని గంధం పూసుకుని ఉంది. రంజిత అప్రయత్నంగా చెంపలు వేసుకుంది.

"మామా, ఎన్ని రోజులయింది?" అని గేటుకు ఆమడ దూరంలోనే నిలబడి అడిగింది.

ఈ పిల్ల పురుగు సంగతి పసిగట్టేసిందనుకున్నాడు బాలసుందరం. "నాలుగు రోజులుంటుందమ్మా. దయచేసి ఎవరికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తాను మామా. జాస్తిగా ఉండాదా?"

"పైనుంచి అడుగుదాకా ఉంది. రేపు అమ్మ సంవత్సరీకం పెట్టుకుని ఈ ఖర్మేందో."

"రేపు సంవత్సరీకం చేస్తారా?" అంది రంజిత, కళ్లు పెద్దవి చేసి. ఆమె ఎవరికీ చెప్పనని చెప్పింది కదా, అందుకని ముందు ఇంటికి వెళ్లి బిందె దింపి, ఆ తర్వాత చెప్పడానికి బయల్దేరింది.

పది గంటలకు గేటు బయట రెండు కొబ్బరి బొండాలు కనబడ్డాయి. ఇంకాసేపటికి తాటిముంజలు వచ్చాయి. తర్వాత ఎవరో మూతపెట్టిన గిన్నెలో రాగి అంబలి పెట్టి, పిలవకుండా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. బాలసుందరం వాటిని ఒక్కొక్కటీ లోపలికి చేరవేస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"చూసినావా అలివేలూ, అమ్మంటే ఈ వీధికి ఎంత గౌరవమో. ఏడాదయినా మరిచిపోలే."

"అంబలి ఎందుకు పెట్టినారో," అంది అలివేలు. ఆమెకు అనుమానం వచ్చింది కానీ చేతినిండా పని ఉంది. పైగా ఈ మధ్యకాలంలో మొగుడి మొహంలో కాస్త వెలుగు చూడటం అదే మొదలు.

పన్నెండింటికి ఫోన్ మోగింది. తొండియార్‌పేట నుంచి పురోహితుడు త్యాగరాజు. ఆయన్ని ఇంటిల్లిపాదీ అయ్యవారు అంటారు.

"బాలసుందరం గారూ, మీ పక్కింటమ్మాయి ఫోన్ చేసి మంచి పని చేసింది. ఇంట్లో అమ్మవారిని పెట్టుకుని శ్రాద్ధమేందయ్యా. మీరన్నా చెప్పొద్దా. నేను రాను. పిల్లకు తలకు నీళ్లు పోసినాక చూద్దాం." ఆయన పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే స్విచాఫ్.

బాలసుందరం వీధిలోకి వచ్చి, పొద్దుటినుంచి మొదటిసారి తన గేటును తను చూసుకున్నాడు. తర్వాత ఒక్క ఊపున వెళ్లి వేపాకు పీకడం మొదలుపెట్టాడు.

"తీయొద్దు మామా, అమ్మవారికి కోపం వస్తాది," అని రంజిత ఎదురింటి అరుగు మీదినుంచి అంది. అప్పటికి అరుగు మీద పదిమంది ఆడవాళ్లు ఉన్నారు.

ఆయన చేతులు ఆగాయి. నిజం చెబితే కొట్టు పరువు పోతుంది. చెప్పకపోతే అమ్మకు రేపు ముద్ద లేదు. ఒక నిమిషం ఆగమన్నందుకు ఏడాది ఏడ్చిన మనిషి, ఈసారి ఆగలేదు.

"మా ఇంట్లో అమ్మవారు లేదు," అన్నాడు వీధి మొత్తానికి వినబడేలా. "పురుగుంది. బియ్యంలో పురుగు, రవ్వలో పురుగు, పప్పులో పురుగు. సౌకార్‌పేట పప్పుల బాలసుందరం ఇంట్లో పప్పుకు పురుగు పట్టింది, పోయి అందరికీ చెప్పుకోండి. దానికోసం కట్టినాను ఈ వేపాకు. ఆకు కనబడితే చాలు అమ్మవారేనా? మనిషన్నవాడు ఇంకో పనికి వేపాకు వాడకూడదా? బుర్ర అనేది ఉండాదా మీకు?"

పప్పుల వ్యాపారి తన నోటితో తన పప్పును ఇలా తిట్టుకోగా అరుగు మీద ఎవరూ అంతవరకూ వినలేదు.

"పాపం, జ్వరం తలకెక్కినట్టుంది," అంది ఒక ముసలావిడ. "ఈయనకీ పోసేసింది."

ఎవరు పిలిచారో ఏమో, మూడింటికి జెబరాజ్ అనే ఆరోగ్య ఉద్యోగి రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. ఆయన నెమ్మదస్తుడు. మధుమిత మొహం కడిగించి చూశాడు. మిరప మంట. అలివేలు చేతులు చూశాడు. పసుపు. బాలసుందరం చొక్కా విప్పించి వీపు చూశాడు. చెమటకాయలు.

"ఒన్నుమే ఇల్లయే సార్," అన్నాడు, ఏమీ లేదని తేల్చేస్తూ. "చిన్నప్పుడు ఒకతడవ పోసిందా మీకు?"

"లేదు. మా ఇంట్లో వాళ్లిద్దరికీ పోసింది, నాకు ఎప్పుడూ పోయలే," అన్నాడు బాలసుందరం, అదొక యోగ్యతాపత్రమైనట్టు. ఆ తర్వాత జెబరాజ్‌ను చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి మినప్పప్పు డబ్బా మూత తీశాడు. పురుగులు జెబరాజ్ కళ్లజోడు మీద వాలాయి. బాలసుందరం బతిమాలగా ఆయన ఒక కాగితం మీద ఈ ఇంట్లో ఎవరికీ ఆటలమ్మ లేదని రాసి సంతకం పెట్టాడు. నిజాయితీపరుడు కాబట్టి కింద ఇంకో వాక్యం కూడా రాశాడు, పప్పులో పురుగు ఉన్న మాట వాస్తవమని.

రంజిత ఆ కాగితాన్ని అరుగు మీద రెండుసార్లు చదివి వినిపించింది. వీధి నమ్మింది. అరగంటలో సౌకార్‌పేట కూడా నమ్మింది. పక్క కొట్టు ఆనందన్ ఫోన్ చేసి, "ఏం బావా, మీ ఇంటికి పప్పు మా కొట్టు నుంచి పంపించేదా?" అని పరామర్శించాడు. బాలసుందరం పళ్లు కొరికి ఊరుకున్నాడు. పరువు ఎటూ పోయింది, ఇక అమ్మ ముద్ద అయినా దక్కించుకోవాలి. కాగితం జేబులో పెట్టుకుని ఆటో ఎక్కి తొండియార్‌పేటకు బయల్దేరాడు.

అయ్యవారి గుమ్మానికి వేపాకు కట్టి ఉంది.

బాలసుందరం ఆగాడు. పొద్దున తన గేటు ముందు రంజిత ఆగినట్టే ఆగాడు. వెంటనే ఆయనకు తన మీద తనకే సిగ్గేసింది. ఆకు కనబడితే చాలు అమ్మవారేనా అని ఊరందరినీ కడిగేసి ఒక పూట కూడా కాలేదు. స్వయంపాకాల బియ్యం మూటలు మూటలుగా పడి ఉండే ఇల్లు ఇది, ఈ ఎండలకు పురుగు పట్టక ఏమవుతుంది. ఆయన చెప్పులు విడిచి, గట్టిగా అడుగులు వేస్తూ లోపలికి నడిచాడు.

"ఏం అయ్యవారూ, మీ ఇంట్లోనూ పట్టిందా? దిగులుపడాకండి. బిరింజి ఆకు, లవంగాలు వేసి మూత గట్టిగా బిగించండి, వారంలో పోతాది."

త్యాగరాజు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. పక్కన చాప మీద ఆయన మనవరాలు శ్రేయ దుప్పటి కప్పుకుని పడుకుంది. బాలసుందరం చాప అంచున కూర్చుని, మాటల మధ్యలో ఆ పిల్ల తల నిమిరి, చెంప తట్టి, జేబులోంచి కాగితం తీశాడు.

"చూడండి, సర్కారు సంతకం. మా ఇంట్లో ఎవురికీ ఏమీ లేదు. రేపు ఎనిమిదింటికల్లా వచ్చేయండి."

అయ్యవారు కాగితం తీసుకోలేదు. "పాపకు అమ్మవారు పోసింది బాలసుందరం గారూ. మీతో మాట్లాడి ఫోన్ పెట్టినాను, అప్పుడే చూసినాం. మొహం తప్ప ఒళ్లంతా ఉండాయి."

బాలసుందరం చేయి శ్రేయ చెంప మీదే ఉంది. మెల్లగా తీశాడు.

"నేను లోపలికి వస్తా ఉంటే చెప్పొద్దా అయ్యవారూ?"

"గుమ్మానికి వేపాకు కట్టినాను కదయ్యా. ఇంకెట్ట చెప్పేది?"

రేపు అమావాస్య, మద్రాసులో ఏ పురోహితుడికీ ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. ఉన్నా, ఈ గడప దాటి వచ్చిన మనిషి ఇంటికి ఎవరూ రారు. బాలసుందరం వీధి మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఒక్క ముద్ద అయ్యవారూ. ఆమె అడిగింది కాస్త గంజే." త్యాగరాజు గుమ్మం లోపలే నిలబడి, తప్పిపోయిన శ్రాద్ధాన్ని వచ్చే అమావాస్యకు పెట్టుకోవచ్చని శాస్త్రం ఉందనీ, తను తప్పక వస్తాననీ చెప్పాడు. అప్పటికి పాప లేచి తిరుగుతుందనీ అన్నాడు.

పాప లేచి తిరిగింది. ఇరవయ్యో రోజున బాలసుందరానికి జ్వరం తగిలింది. మర్నాడు పొద్దున ఛాతీ మీద నాలుగు పొక్కులు, సాయంత్రానికి నాలుగొందలు. ముదురు వయసులో వస్తే మొండిగా ఉంటుందని డాక్టరు మందులు రాసిచ్చాడు. అలివేలు గేటుకు వేపాకు కట్టింది.

గంటలో రంజిత గేటు తోసుకుని తిన్నగా నడవలోకి వచ్చింది. చేతిలో రవ్వ డబ్బా, వెనక ముగ్గురు ఆడవాళ్లు.

"అక్కా, మీకు మళ్లీ పురుగు పట్టిందా? మాకూ పట్టిందక్కా. ఆకు ఎన్ని పొరలు వేయాలో చెప్పండి, గేటుది కాస్త తీసుకుంటా."

"ఒద్దు రంజితా, లోపలికి రాకండి. ఆయనకు అమ్మవారు పోసింది," అంది అలివేలు.

రంజిత నవ్వింది. "చాల్లే అక్కా. పోయిన తడవ మామ పెట్టిన తిట్లు మేము మరిచిపోతామా? మళ్లీ తప్పు చేస్తామా?"

గదిలోంచి బాలసుందరం నిజమేనని అరవబోయాడు. గొంతులోనూ పొక్కులు ఉండటంతో మూలుగు మాత్రమే వచ్చింది. ఆ మూలుగు విని, మామ ఇంకా కోపంగానే ఉన్నాడని ఆడవాళ్లు గౌరవంగా గేటు దగ్గరికి తగ్గి, తలా నాలుగు రెమ్మలు తుంచుకుని వెళ్లారు. మరి కొన్నాళ్లకు ఆ వీధిలో తొమ్మిది గేట్లకు వేపాకు వేలాడుతోంది. ఏది పురుగుకు కట్టిందో, ఏది అమ్మవారికి కట్టిందో తేల్చలేక జెబరాజ్ వీధి మొదట్లోనే నిలబడి రిజిస్టరు రాసుకుని వెళ్లిపోయాడు.

అమావాస్య వచ్చింది. బాలసుందరం వేపాకు పరుపు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అయ్యవారు మాట తప్పకుండా ఎనిమిదింటికి వచ్చి, గేటు చూసి, పిలవకుండా వెనక్కి తిరిగాడు.

డ్రమ్ములో బియ్యానికి మాత్రం ఇంతవరకూ మళ్లీ పురుగు పట్టలేదు.