లక్ష్మీపతి ల్యాప్‌టాప్‌కి టార్చ్‌లైటు సేవ

కాపురం చల్లగా ఉండాలంటే ఇంట్లో ఒక చెడిపోయిన ల్యాప్‌టాప్ ఉండి తీరాలి! పూర్తిగా చెడిపోతే లాభం లేదు. లోపల అన్నీ పనిచెయ్యాలి, తెర వెనక లైటు మాత్రం ఆరిపోవాలి. నవ్వకండి. మిషిగన్‌లోని ట్రాయ్‌లో అనూరాధ కాపురమే ఇందుకు సాక్ష్యం.

ఆవిడ భర్త లక్ష్మీపతి కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసు నుంచి రాగానే సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచేవాడు. ఇక ఆవిడకు ఆయన నుదురు మాత్రమే దర్శనం. కూరలో ఉప్పు సరిపోయిందా? ఊఁ. వంటింట్లో పైపు పగిలింది. ఊఁ! ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? తెలుగు చానెల్ పెట్టించుకుని సీరియళ్లలో పడిపోయింది.

2008 జనవరిలో ఓ సాయంత్రం ఆ తెర కాస్తా నల్లబడింది. అంతకంటే శుభవార్త ఉంటుందా!

"షాపులో ఇచ్చెయ్యండి," అంది అనూరాధ.

"షాపెందుకు? నేను ఇంజనీర్‌ని కాదూ? బొమ్మ ఉంది, బ్యాక్‌లైటే పోయింది. ఇన్వర్టర్ అని చిన్న బోర్డు ఉంటుంది. రేపు ఆఫీసు నుంచి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తా, అది మార్చేస్తే సరి."

చేతిలో స్క్రూడ్రైవర్ ఉండగా మన ఇంజనీరు రిపేరు షాపు గడప తొక్కితే పరువేం కాను? బోర్డు రావడానికి మూడు వారాలు పట్టింది. అంతవరకూ టార్చ్‌లైటు ఏటవాలుగా వేస్తే తెర మీద అక్షరాలు లీలగా కనిపించేవి. ఆయన రెండు చేతులూ కీబోర్డు మీదే కాబట్టి టార్చి పట్టే ఉద్యోగం అనూరాధకు వచ్చింది. భార్యల్ని ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-4 వీసా మీద చెయ్యదగ్గ ఉద్యోగం ఇదొక్కటే!

స్విచ్చి ఆవిడ బొటనవేలి కింద ఉంది. అడిగినదానికి జవాబు రాకపోతే టార్చి ఆరిపోయేది. వారం తిరిగేసరికి ఆయన పూర్తి వాక్యాలు మాట్లాడటం నేర్చుకున్నాడు.

పదోరోజున ఆ వెలుతురు ఓ మెయిల్ మీద పడింది. ఆయన ప్రాజెక్టు జూన్‌లో మూసేస్తారట. ప్రాజెక్టు పోతే ఉద్యోగం, ఉద్యోగంతో పాటు వీసా. మెయిల్ చూస్తే నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వచ్చింది.

"రెండు నెలల్నించీ తెలుసా మీకు? నాకు చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పమంటావ్? నువ్వు సీరియల్ చూస్తుంటావ్ కదా."

ఆవిడకు కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. టార్చి ఒళ్లో పెట్టుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ వారమంతా ఇద్దరూ కూర్చుని రెజ్యూమె రాశారు. ఆయన టైప్ చేస్తే ఆవిడ తప్పులు దిద్దింది.

ఇంతలో ఆ పాడు బోర్డు రానే వచ్చింది! లక్ష్మీపతి పోపుల డబ్బా ఖాళీ చేయించి, ఆవాల గిన్నెలో పొడుగు స్క్రూలు, మెంతుల గిన్నెలో పొట్టి స్క్రూలు వేసుకుని ఆదివారమంతా ఆపరేషన్ చేశాడు. చివర్లో ఒక్కటీ మిగల్లేదని రెండుసార్లు చూసుకున్నాడు. తెర వెలిగింది. అనూరాధకు మళ్లీ నుదురే మిగిలింది.

వారం ఓర్చుకుంది. ఎనిమిదో రోజు సాయంత్రం ఆవిడ సీరియల్ పెట్టబోతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"మళ్లీ పోయిందోయ్! టార్చి ఏదీ?"

ఆ గొంతులో విచారం మచ్చుకైనా లేదు.

మర్నాడు పోపు వెయ్యబోతే మెంతుల గిన్నెలో నాలుగు పొట్టి స్క్రూలు చేతికి తగిలాయి. ఆదివారం బిగించినవి వాటంతటవే ఊడి వంటింటికి నడిచి రావు కదా! ఆవిడ వాటిని అడుక్కి తోసి పైన మెంతులు కప్పేసింది. సాయంత్రం ఏమీ ఎరగనట్టు అడిగింది.

"కొత్త బోర్డు ఆర్డర్ చేశారా?"

"చేద్దాంలే, తొందరేముంది? గురువారం ఇంటర్వ్యూ ఉంది, నువ్వు క్వశ్చన్స్ అడుగుదువుగాని. ఇలా వచ్చి కూర్చో."

చూశారా, కట్టుకున్న భార్యను పక్కన కూర్చోమనడానికి ఓ ఇంజనీరు బాగున్న ల్యాప్‌టాప్‌ని విప్పి చెడగొట్టుకోవాల్సి వచ్చింది! ఇంతకీ మీ ఇంట్లో తెరలన్నీ బాగానే వెలుగుతున్నాయా? అయ్యో పాపం.