సేత్తూరు దారి పట్టిన ఇల్లు

కుట్రాలం జలపాతాల దగ్గర సారల్ జల్లులు మొదలయ్యాయని వినగానే, తెల్లవారి ఎండ ముదరకముందే బయలుదేరాలని పద్మనాభరాజు నిశ్చయించుకున్నాడు. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఏడాది. రాజపాళయంలో ఆయన ఇంట చుట్టాలు లేని పూట లేదు. కాపురానికి వచ్చినది మొదలు భార్య గోమతికి పొయ్యి దగ్గరే సరిపోయింది. అందుకే ఆయన ఒక పాత బస్సు కొని, సీట్లు పీకించి, లోపల మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, కిటికీలకు తెరలు అమర్చి దాన్ని ఇల్లు చేశాడు. ఏ చుట్టమూ వెతికి పట్టుకోలేని ఇల్లు.

"కుట్రాలంలో ఉండేదాకా నువ్వు ఎవరికీ వండి పెట్టే పని లేదు" అని భార్యకు మాటిచ్చాడు.

అంత పెద్ద బండిని ఊరి వీధుల్లో నడపడం ఆయనకు కొత్త. ముందు స్టీరింగు దగ్గర ఆయన, చెక్క గోడకు అవతల గోమతి. వెనక ఏం జరిగినా ఆయనకు కనబడదు. ఎవరికీ తగలకుండా వెళ్లాలని మునియసామిని ముందు నడవమన్నాడు. ఆ ముసలాయన అదే బస్సులో క్లీనరుగా చేసి, బండితోపాటే రాజుగారి దగ్గరికి వచ్చినవాడు. వీధికి అడ్డంగా వేలాడే తోరణాలను ఎత్తిపట్టడానికి ఆయన చేతిలో పొడవాటి వెదురుకర్ర.

సంత వీధిలో ఎడ్లబండ్లు అడ్డొచ్చి బండి ఆగింది. ఎక్కడికని ఎవరో అడిగితే మునియసామి ఉన్నమాటే చెప్పాడు. కాకపోతే క్లీనరుగా జనాన్ని బస్సెక్కమని పిలిచిన పాత గొంతుతో చెప్పాడు.

"సేత్తూర్, శివగిరి, తెన్‌కాశీ..."

ఇంజను మోతలో మాటలు తెలియక, జనాన్ని తప్పుకోమంటున్నాడు కాబోలని రాజుగారు మెచ్చుకున్నారు. వెనక మాత్రం గంపలతో ఆడవాళ్లు, కోళ్లతో ఒక పెద్దాయన తలుపు తీసుకుని ఎక్కేశారు. వెనక బరువు పెరిగేసరికి స్టీరింగు తేలిపోయింది. ఏదో చెడిందని భయపడి ఆయన ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు. నెమ్మదించేకొద్దీ ఎక్కడం సులువైంది, ఎక్కేకొద్దీ బండి మరీ నెమ్మదించింది.

లోపల గోమతి వాళ్లందరినీ చూసి, ఉన్న చుట్టాలు చాలక మొగుడు కొత్తవాళ్లనూ పిలిచాడనుకుంది. పళ్లు నూరుకుంటూ స్టవ్వు వెలిగించింది.

ఊరి చివర కానిస్టేబుల్ మరియప్పన్ చెయ్యెత్తాడు. పర్మిట్ లేకుండా బస్సు నడుపుతున్నారేమని అడిగాడు.

"ఇది బస్సు కాదప్పా, ఇల్లు. లోపల నా భార్య ఒకతే ఉంది" అని రాజుగారు దర్జాగా దిగి తలుపు తీశారు.

లోపల కాలు పెట్టే చోటు లేదు. మంచం కింద కోళ్లు. స్టవ్వు దగ్గర పొన్నుతాయి అనే గంపలావిడ ఉప్మా కలుపుతోంది. చెమటలు కక్కుతున్న గోమతిని చూడలేక, "నువ్వు కూర్చో తాయీ" అని గరిటె లాక్కుందట. గోమతి మంచం మీద కాళ్లు చాపుకుని, పొన్నుతాయి కలిపిచ్చిన కాఫీ తాగుతోంది. పెళ్లయ్యాక ఇంకొకరు కలిపిస్తే ఆమె తాగిన మొదటి కాఫీ అది.

ఇల్లు పోలీసు స్టేషనుకు పోయినట్టేనని రాజుగారు అనుకున్నారు.

"ఒకతే అంటిరే. వీళ్లంతా ఎవరు?" అన్నాడు మరియప్పన్.

మొగుడి మొహం చూడగానే, ఆయన ఎవరినీ పిలవలేదని గోమతికి అర్థమైంది. ఒకసారి పొన్నుతాయి వైపు, ఒకసారి చేతిలోని లోటా వైపు చూసింది.

"మా చుట్టాలే" అంది. "కుట్రాలందాకా వస్తామన్నా నాకు సమ్మతమే."

మరియప్పన్ ఉప్మా వాసన పీల్చాడు. తనకూ సేత్తూరులో పని ఉందని గుర్తుకొచ్చి, టోపీ చంకలో పెట్టుకుని ఆయనా చుట్టమైపోయాడు.