ఇస్త్రీపెట్టె, తడి తువ్వాలు, కాస్త ప్రశాంతత

పొద్దున్నే ప్లాన్ చాలా సింపుల్. తెల్ల చొక్కా వేసుకోవాలి, పదింటికి ఇంటర్వ్యూలో ఉండాలి, ఈలోపు ఎవరిమీదా అరవకూడదు. అరవకపోవడమే కష్టం! ఆఫీసులో అతని ముద్దుపేరు కుక్కర్ మరి. ఫిర్యాదుల విభాగం హెడ్ పోస్టు ఇప్పటికే రెండుసార్లు కోపం వల్ల చేజారింది. అందుకే ఆదివారం మొగుడూ పెళ్లాం కలిసి ఓ క్లాసుకి వెళ్లొచ్చారు. కోపమొస్తే ఆగండి, ఎదుటి మనిషి ఎందుకలా చేశారో ఆలోచించండి అని చెప్పారక్కడ.

ఇంతలో కాలిన వాసన. చూస్తే, భార్య ఇస్త్రీ చేస్తున్న తెల్ల చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి మచ్చ!

కూత గొంతుదాకా వచ్చింది. ఆగాడు. ఇంత జాగ్రత్త మనిషి చొక్కా ఎందుకు కాల్చింది? ఏదో బెంగ! లోపల్లోపలే కుమిలిపోతోంది పాపం! అంతే, కోపం మాయం.

"ఏంటే నీ బెంగ?"

"బెంగా లేదు, ఏం లేదు. ఇంకో చొక్కా వెతకాలి, జరగండి."

ఏం లేదు అందంటే చాలా ఉన్నట్టే. బాల్కనీలోకెళ్లి అత్తగారికి ఫోన్ కొట్టాడు. "అత్తయ్యగారూ, మీ అమ్మాయి ఏదో బాధలో ఉంది. మీరు మాత్రం కంగారుపడకండి."

ఆవిడ కంగారుపడిపోయింది. పక్క వీధిలో ఉండే బావమరిది సగం గీసిన గడ్డంతో ఊడిపడ్డాడు.

"అక్కా, బట్టలు సర్దుకో, పోదాం. బావ నిన్నేం చేశాడు?"

"నేనేం చేశాన్రా! చొక్కా కాల్చినా ఒక్క మాటనలేదు!"

బావమరిది మొహం పాలిపోయింది. "అరవలేదా? నువ్వా?" వెంటనే ఫోన్ తీశాడు. "అమ్మా, అక్కకి కాదమ్మా, బావకే ఏదో అయింది!"

స్పీకర్లో అత్తగారి ఏడుపు. గడియారంలో తొమ్మిదిన్నర.

"ఆపండందరూ!" అని అరిచింది భార్య. "మీ తడి తువ్వాలు మళ్లీ పరుపు మీద కనిపించింది. ఒళ్లు మండింది. క్లాసులో చెప్పినట్టే ఆగాను. కళ్లు మూసుకుని, ఈ మనిషి ఎందుకిలా చేస్తాడా అని ఆలోచించాను. చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్న సంగతే మర్చిపోయాను!"

"తువ్వాలు కోసం నా చొక్కా తగలేశావా!" కుక్కర్ కూతపెట్టేసింది.

"హమ్మయ్య," అన్నారు స్పీకర్లో అత్తగారు, "అల్లుడుగారు బాగానే ఉన్నారు."

బావమరిది ఒంటిమీది చొక్కా విప్పించి, తను తొడుక్కుని పరిగెత్తాడు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే, "చివరిసారి ఎప్పుడు కోపమొచ్చింది?"

"అరగంట క్రితం సార్." ఇంక దాచేదేముంది, మొత్తం చెప్పేశాడు. "ఆమె ఏం లేదంటే నమ్మాల్సింది సార్. నా అంతట నేనే ఊహించేసుకున్నాను."

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీశాడు. "ఆ తువ్వాలు ఇప్పుడెక్కడుంది?"

"ఆరేసే వచ్చాను సార్."

పోస్టు వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా ముందు స్విచ్ ఆపి, తర్వాతే కళ్లు మూసుకుంటారు.