ఖాసింబీ పేరు చెక్కిన రాయి

రంజాన్ మొదటి ఆదివారం పొద్దున్నే తరన్నుమ్ ఇల్లంతా రంగు కాగితాలు పరిచింది. ఫోన్‌లో చూసి నెలవంకలు కత్తిరిస్తోంది, లాంతర్లు మడుస్తోంది, కాగితానికి పూయాల్సిన జిగురు సగం చాపకు పూస్తోంది. సాయంత్రం ఇఫ్తార్‌కు గిద్దలూరు నుంచి మేనత్త ఫిర్దౌస్ వస్తోంది. అప్పటికి గుమ్మం కళకళలాడాలని ఆ అమ్మాయి ఆశ.

ఆమె తండ్రి రసూల్ గడప మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఇరవై ఆరేళ్లుగా అతను మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ మీద పని చేస్తున్నాడు. పిల్లలకు పలకలు అక్కర్లేని కాలం వచ్చాక ఫ్యాక్టరీ వారానికి రెండు రోజులే నడుస్తోంది. మిగతా ఐదు రోజులూ అతను ఇతరుల పనుల్లో తప్పులు చూస్తాడు.

"ఏందిది తరన్నుమ్? గాలొస్తే ఎగిరిపోయే పని."

"ఇంట్లో చేసుకునే డెకరేషన్ నాయనా. ఇప్పుడందరూ ఇదే చేస్తాండారు."

"రాయి కోసేవాని గుమ్మానికి కాగితాలా? మీ అత్త చూస్తే నవ్వదా?"

అసలు బాధ అదే. పోయిన రంజాన్‌కు ఫిర్దౌస్ ఈ గుమ్మం ముందు నిలబడి, "ఇది ఇల్లా, గోడౌనా రసూలూ?" అంది. ఆమె భర్త అనీస్‌కు గిద్దలూరులో టైల్స్ దుకాణం ఉంది. "పలకరాయి కాలం అయిపోయిందిలే బామ్మర్దీ" అని ఆయన ఇంకో మాట వేశాడు. ఆ రెండు మాటలూ రసూల్‌కు ఏడాదిగా అరగలేదు. ఈసారి తన చేతిపని చూసి అక్క నోట ఒక్క మంచి మాట రావాలి. ఒక్కటి చాలు.

అతను లేచి ఫ్యాక్టరీకి పోయాడు. సెలవు రోజైనా వాచ్‌మన్ గేటు తీశాడు. రసూల్ మూలన పడి ఉన్న రాళ్లలో రెండడుగుల రాయి ఒకటి ఏరాడు. మసీదు కమానులాగా పైన గుండ్రంగా కోశాడు. నెలవంక, నక్షత్రం చెక్కాడు. వాటి కింద ఇంటికి కొత్త పేరు పెట్టాలనుకున్నాడు: ఖాసింబీ మంజిల్. ఖాసింబీ అతని తల్లి. తల్లి పేరుకు ఏ అక్కా వంక పెట్టలేదు కదా అని లెక్క. తీరా పేరు చెక్కేసరికి అక్షరాలు పెద్దవై, మంజిల్‌కు చోటు మిగల్లేదు. దాన్ని రేపు ఎక్కడో ఒకచోట ఇరికించవచ్చులే అనుకుని, అడుగున తెల్ల రంగుతో "రంజాన్ 2026" అని రాశాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగుంది.

పలకల పనివాళ్లలో ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే, మట్టి ఇచ్చిన రోజే తలవైపు ఒక పలకరాయి నాటుతారు. పైన గుండ్రం, మధ్యలో పేరు, అడుగున ఏడాది. రసూలే ఇప్పటికి పదిమందికి చేసి ఇచ్చాడు. ఆ సంగతి ఆ పూట ఊరందరికీ గుర్తుంది, అతనికి తప్ప.

రాయి బరువుగా ఉండటంతో రసూల్ ఆటో నడిపే యేసుబాబును పిలిచాడు. దుమ్ము పడకుండా రాయి మీద తన తెల్ల తువ్వాలు కప్పాడు. ఎత్తేటప్పుడు తువ్వాలు జారింది. యేసుబాబు పేరు చదివాడు. రసూల్ మొహం చూశాడు. రాతిదుమ్ముకు కళ్లు ఎర్రబడ్డాయి, ఉపవాసానికి పెదాలు ఎండాయి.

"ఎప్పుడు మామా?" అన్నాడు మెల్లగా.

"సాయంత్రానికల్లా నిలబెట్టాల. గిద్దలూరు నుంచి అక్క వస్తాంది."

"అందరికీ చెప్పినారా?"

"అందరికీ ఎందుకురా? ఇంటోళ్లం చాలు."

"అట్లంటే ఎట్ల మామా? మేమంతా లేమా?" అని యేసుబాబు కళ్లు తుడుచుకున్నాడు. దించాక బాడుగ కూడా తీసుకోలేదు. ఉపవాసం మనిషంటే ఇంకా మర్యాద ఉందని రసూల్ సంతోషించాడు. మర్యాద అట్లా ఊరికే రాదని అతనికి ఈ వయసుకైనా తెలియాల్సింది.

ఇంతకీ ఖాసింబీకి జిగురు వాసన పడదు. పొద్దున్నే కర్ర పట్టుకుని, మూడు వీధుల అవతల ఉన్న అంకాలమ్మ ఇంటికి టీవీ చూడటానికి వెళ్లింది. అంకాలమ్మకు చెవుడు. ఆ ఇంట్లో టీవీ మోతకు ఊళ్లో వార్తలేవీ లోపలికి రావు.

నాలుగింటికి పక్కింటి దావీదు, ఎలీషబా పెద్ద క్యారియర్‌తో వచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి అన్నం, పప్పు, చారు వండి తెచ్చారు. రసూల్ భార్య కమ్రున్నీసా అప్పటికి రెండు కిలోల ఉల్లిపాయలు కోసి ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఎలీషబా ఆమెను గట్టిగా పట్టుకుంది.

"ధైర్యంగా ఉండు వదినా."

"ఉండక ఏం చేస్తాం వదినా? ఈ ముప్పై రోజులు ఓర్చుకుంటే తర్వాత పండగే కదా."

ఎలీషబా చేతులు వదిలేసి వెనక్కి జరిగింది. అత్తాకోడళ్ల మధ్య ఏదో ఉందని ఆమెకు ముందు నుంచీ అనుమానమే.

అయిదింటికి షామియానాలు అద్దెకిచ్చే హరికృష్ణ వచ్చి వాకిట్లో షామియానా వేశాడు, నలభై కుర్చీలు దించాడు. "ఎవరు చెప్పినారు హరీ?" అన్నాడు రసూల్. "ఇట్లాంటిదానికి ఒకరు చెప్పాల్నా అన్నా?" అన్నాడు అతను. ఇఫ్తార్‌కు వీధి వీధంతా ఇంత చేస్తుందని రసూల్ కలలో కూడా అనుకోలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే గోడకు ఆనించిన రాయి ముందు ఆగి, తల వంచి, వెళ్లి కూర్చుంటున్నారు. పని తెలిసిన జనం అనుకున్నాడు.

ఆటోస్టాండులో పుట్టిన మాట కంభం మీదుగా గిద్దలూరు చేరటానికి గంట పట్టలేదు. కారు దిగుతూనే ఫిర్దౌస్ రాయిని చూసింది. మోకాళ్ల మీద కూలబడి, చెక్కిన నెలవంకను చేత్తో తడిమింది.

"రసూలూ, ఎంత బాగా చేసినావురా! అమ్మకు తగ్గ రాయి. నీ చేతిలో ఇంత పనుందని నాకు తెలీలేదు."

రసూల్ తువ్వాలుతో రాయి మీది దుమ్ము ఇంకోసారి తుడిచాడు. "నువ్వు చూడాలనే తొందరపడినా అక్కా."

అనీస్ కూడా వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పోయినేడు నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దు బామ్మర్దీ. టైల్స్‌లో ఈ పనితనం రాదు."

రసూల్ ఇరవై ఆరేళ్ల రాతిపనిలో అంత మంచి నిమిషం లేదు. అది నిమిషమే ఉంది.

అప్పుడే వీధి మలుపులో మసీదు కమిటీ వసీం, ఇంకో ముగ్గురు కనిపించారు. శవాన్ని మోసే జనాజా మంచం భుజాన పెట్టుకుని వస్తున్నారు. వాళ్ల వెనకే కర్ర పొడుచుకుంటూ ఖాసింబీ వచ్చింది. సీరియల్ అయిపోయింది. తన వాకిట్లో షామియానా చూసి, ముందు వరుసలో ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"ఎవరు పోయినార్రా యేసుబాబూ?"

యేసుబాబు తల ఎత్తలేదు. "ఖాసింబవ్వ."

"నా పేరే! పాపం, ఏ ఊరామె?"

యేసుబాబు పక్కకు తిరిగి చూశాడు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. వసీం మనుషులు మంచం దించాలో, మోసుకుపోవాలో తెలియక అట్లాగే నిలబడ్డారు. ఫిర్దౌస్ కెవ్వున కేక పెట్టి తల్లిని పట్టుకుంది. ఆ తర్వాత తమ్ముణ్ణి పట్టుకుంది, ఇంకో రకంగా.

"బతికున్న అమ్మకు రాయి చెక్కినావేందిరా!"

"అది గుమ్మానికి అక్కా! డెకరేషన్!"

"సమాధిరాయి డెకరేషనా?"

"ఇందాక బాగుందంటివి కదా?"

"ఇందాక అమ్మ లేదు కదరా!"

అజాన్ వినిపించింది. అందరూ ఖర్జూరాలు నోట్లో వేసుకున్నారు. సంతాపానికి వచ్చిన నలభైమందీ ఎలీషబా పప్పన్నం, కమ్రున్నీసా హలీం కలిపి తిని పోయారు. తరన్నుమ్ కాగితం లాంతర్లు షామియానాకు కట్టింది. ఫిర్దౌస్ వాటి కింద నిలబడి ఫొటోలు దిగింది. "ఇదీ డెకరేషనంటే" అని మేనకోడలి బుగ్గ గిల్లింది. గాలి రాలేదు. ఒక్క కాగితం కూడా ఎగరలేదు.

అందరూ వెళ్లాక రసూల్ రాయిని బయట పారేయడానికి ఎత్తబోయాడు.

"యాడికి మోస్తాండావు?" అంది ఖాసింబీ.

"పారేస్తా."

"నీకేమన్నా మతి పోయిందా? కూతురు ఏడ్చి మెచ్చుకున్న రాయి. ఇట్లా తే." ఆమె రాయి మీద అరచేయి పెట్టి, బట్ట బేరం చేసేటప్పుడు చూసినట్టు నున్నదనం చూసింది. "నా మంచం కింద పెట్టు. ఆ అడుగున రాసింది మాత్రం తుడువు."

రసూల్ కిరోసిన్ గుడ్డతో అడుగున రాసిన ఏడాదిని తుడిచి, రాయిని మంచం కిందికి తోశాడు. చాలా కాలానికి పలకల పనిలో అతనికి ఒక ఆర్డర్ వచ్చింది. డెలివరీకి తొందర లేదు.